భూమి గడి లేని పట్టిక: ఫిలిప్పీన్స్ సేద్యపు మునిసిపాలిటీల చరిత్ర

ఫిలిప్పీన్స్‌లో ఏ గ్రామీణ మునిసిపాలిటీ గురించి అచ్చయిన పరిచయం చదివినా దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. ముందు ఊరికి పేరెట్లా వచ్చిందో చెప్పే ఐతిహ్యం. స్పానిష్ సైనికుడు ఊరి పేరడిగితే, అతని భాష తెలియని రైతు తన చేతిలో ఉన్నదాని పేరేదో చెప్పాడనీ, అదే ఊరి పేరయిందనీ ఒక కథ ఎన్నో ఊళ్ళకు అతికించి ఉంటుంది. ఆ తర్వాత మనీలా నుంచి దూరం, జనాభా, బరంగాయ్‌ల సంఖ్య, వరి ఎన్ని హెక్టార్లు, ఉల్లి ఎన్ని హెక్టార్లు, ఊరిని కాచే సెయింటు పేరు, ఆయన పండుగ తేదీ, ఆదాయాన్ని బట్టి మునిసిపాలిటీ ఎన్నో తరగతిదన్న వివరం. చివర మేయర్ల జాబితా, మొదటివాడి నుంచి ఇప్పటివాడి దాకా. అన్నీ ఉంటాయి. ఆ వరి పండే భూమి ఎవరిదన్నది మాత్రం ఉండదు.

ఇది రాసినవాడి పరాకు కాదనీ, మునిసిపాలిటీ అనే ఏర్పాటు పుట్టుకలోనే ఈ మౌనం ఉందనీ నేను అనుకుంటున్నాను. మన గ్రామ కైఫీయతులు చదివినవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించుకున్నది చాలావరకు కరణం చెప్పిన ఊరు. పాలేరు చెప్పిన ఊరు వేరే ఉండేది, దాన్ని ఎవరూ అడగలేదు. ఫిలిప్పీన్స్ రైతు మాత్రం ఆ రెండో ఊరి కథ అప్పుడప్పుడు తనే రాసుకున్నాడు, రాయించుకున్నాడు. ఒకటి రెండుసార్లు పాత కాగితాలను తగలబెట్టి మరీ చెప్పాడు. ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది ఆ రెండో పాఠాన్ని.

మునిసిపాలిటీ అనగానే మనకు నల్లాలు, వీధి దీపాలు, మురుగు కాల్వలు గుర్తొస్తాయి. అక్కడ దాని అర్థం అది కాదు. మన పాత తాలూకా, ఇప్పటి మండలం లాంటిదనుకుంటే దగ్గరగా ఉంటుంది. మధ్యలో పోబ్లాసియోన్ అనే కసబా, దాని చుట్టూ పొలాల మధ్య పల్లెలు. ఆ పల్లెల్ని చాలాకాలం బారియోలు అన్నారు. 1974లో మార్కోస్ వాటికి బరంగాయ్‌లని పేరు మార్చాడు. ఇట్లాంటి మునిసిపాలిటీలు దేశం మొత్తం మీద దాదాపు 1,500 ఉన్నాయి. ఆదాయాన్ని బట్టి వాటిని చాలాకాలం ఆరు తరగతులు చేశారు. 2023లో వచ్చిన చట్టం ఆరింటిని అయిదు చేసింది. బీద ఊరు అట్టడుగు తరగతిలో పడుతుంది, బాగానే ఉంది. కానీ మొదటి తరగతి మునిసిపాలిటీలో కూలి చేసుకునేవాడు ఏ తరగతిలో పడతాడో చెప్పే లెక్క ఎక్కడా లేదు. ఖజానా ఆదాయాన్ని ఊరి ఆదాయంగా చదివించడం ఈ పట్టికల మొదటి చమత్కారం.

బరంగాయ్ అనేది స్పానిష్ వాళ్ళకంటే పాత మాట. పడవ అనే అర్థమున్న మాటలోంచి వచ్చింది. ఒక దాతు, అంటే నాయకుడు, అతని చుట్టూ కొన్ని కుటుంబాలు. స్పానిష్ పాలకులు 16వ శతాబ్దం చివర్లో చెల్లాచెదురుగా ఉన్న ఇళ్ళను చర్చి చుట్టూ పోగుచేయడం మొదలుపెట్టారు. చర్చి గంట వినపడేంత దూరంలో ఉన్నవాడు పౌరుడు, దాటి కొండల్లోకి పోయినవాడు దొంగ. నడుమ చౌకు, ఒక పక్క రాతి చర్చి, ఒక పక్క ప్రభుత్వ భవనం, వాటి చుట్టూ పెద్దవాళ్ళ ఇళ్ళు. నేటికీ లుజాన్ దీవి పట్నాల నక్షా ఇదే. పాత దాతు కొడుకులు కబేసా దె బరంగాయ్‌లయ్యారు. శిస్తు వసూలు చేయడం, ఏడాదికి 40 రోజుల వెట్టికి మనుషుల్ని తోలడం వాళ్ళ పని. వెట్టిని 1884లో 15 రోజులకు తగ్గించారు. ఈ కబేసాలూ, వాళ్ళలోంచి ఎన్నికయ్యే ఊరి అధికారీ కలిసి ప్రిన్సిపాలియా అనే పెద్దింటి వర్గం అయింది. ఊరి కాగితం రాసే చెయ్యీ, ఊరి భూమిని మింగే చెయ్యీ ఒకటే కావడానికి అక్కడే పునాది పడింది. చదువురాని రైతు తాతలనాటి పొలం సర్వే కాగితంలో ఎవరి పేరు మీద ఎక్కుతుందో చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు సన్యాసుల ఎస్టేట్లు. లగూనా రాష్ట్రంలోని కలంబా ఊరు మొత్తం డొమినికన్ సన్యాసుల హసియెండాలో ఉండేది. 1887లో ప్రభుత్వం పన్ను లెక్కల కోసం ఆ హసియెండా వివరాలు పంపమని ఊరిని అడిగింది. ఊరివాళ్ళు ఆ పని 26 ఏళ్ళ కంటి వైద్యుడికి అప్పజెప్పారు. అతను హొసే రిజాల్, అప్పుడే యూరప్ నుంచి తిరిగొచ్చిన నవలాకారుడు. 1888 జనవరిలో ఊరివాళ్ళు సంతకాలు పెట్టిన ఆ నివేదిక, నాకు తెలిసినంతలో, ఫిలిప్పీన్స్ సేద్యపు ఊరి గురించి అడగవలసిన ప్రశ్నలు అడిగిన గొప్ప పరిచయపత్రం. హసియెండా అంటే ఊరి పక్క పొలాలు కాదు, ఊరంతా హసియెండానే అంది. పంట తగ్గుతున్నా కౌలు పెరుగుతూ పోయిందని చెప్పింది. పిల్లల చదువుకు గానీ, సేద్యం బాగుకు గానీ, చివరికి ఊరి పండుగకు గానీ ఆ సన్యాసులు చిల్లి కాసు ఇచ్చిన పాపాన పోలేదని చెప్పింది. అడవి నరికి పొలం చేసినవాణ్ణి చిన్న సాకుతో వెళ్ళగొడుతున్నారని చెప్పింది.

జవాబుగా సైన్యం వచ్చింది. 1890-91లో ఇళ్ళు కూల్చారు, తగలబెట్టారు, కుటుంబాలను తరిమేశారు. రిజాల్ తల్లిదండ్రులకూ అదే గతి పట్టింది. 1891లో అచ్చయిన అతని రెండో నవల ‘ఎల్ ఫిలిబుస్టెరిస్మో’లో కబేసాంగ్ తాలెస్ అనే రైతు ఉంటాడు. అడవి కొట్టి, ఇంట్లో మనుషుల్ని జ్వరాలకు పోగొట్టుకుని పొలం చేస్తే, సన్యాసుల సంస్థ కౌలు పెంచుతూ పెంచుతూ చివరికి పొలమే కాజేస్తుంది. తర్వాతి ఒక అధ్యాయం చివర రచయిత కథ ఆపేస్తాడు. కలంబాలో నిజంగా భూమి పోగొట్టుకున్న మనుషుల పేర్లు ఒక్కొక్కటే రాసుకుంటూ పోతాడు. కళ దృష్టితో ఇది తప్పని పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. ప్రభుత్వానికి పంపిన నివేదికకు తుపాకీ జవాబు దొరికాక, ఆ పేర్లు ఉంచడానికి ఆయనకు మిగిలిన చోటు నవలే అని నేను చదువుకుంటాను.

ఐతే ఒక మాట దాచకూడదు. రిజాల్ కుటుంబం ఆ హసియెండాలో పెద్ద కౌలుదారు, అక్కడి మాటలో ఇంక్విలినో. ఇంక్విలినో తను దున్నడు. కింద కసమా అనే పాలికాపు దున్నుతాడు, పంటలో వాటా పంచుకుంటాడు. కలంబా నివేదికలో కౌలుదారు గోడు వినపడినంతగా కసమా గోడు వినపడదు. విప్లవం వచ్చి, మలోలోస్ రాజ్యాంగం సన్యాసుల భూములు జాతికి చెందుతాయని రాసుకున్నా, ఆ తర్వాత అమెరికా వచ్చి 1903లో వాటికి 70 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి దాదాపు నాలుగు లక్షల ఎకరాలు కొని అమ్మకానికి పెట్టినా, కొనగలిగినవాడు కసమా కాదు. సన్యాసి పోయాడు, సెన్యోర్ మిగిలాడు.

అమెరికా తనతో ప్రజాస్వామ్యాన్ని తెచ్చానంది. 1901 జనవరిలో చేసిన మునిసిపల్ చట్టం చూడండి. ఓటరు 23 ఏళ్ళు నిండిన మగవాడై ఉండాలి. అంతకుముందు స్పానిష్ హయాంలో ఊరి పదవి చేసి ఉండాలి, లేదా 500 పెసోల ఆస్తి గానీ ఏడాదికి 30 పెసోల పన్ను గానీ ఉండాలి, లేదా ఇంగ్లీషో స్పానిషో చదవడం రాయడం రావాలి. అంటే ప్రిన్సిపాలియా వడపోతలోంచి దిగినవాడే ఓటరు. 1907లో తొలి శాసనసభ ఎన్నికలు జరిగితే జనాభాలో నూటికి ఇద్దరు కూడా ఓటు వేయలేదు. చదవడం రాయడం రావాలన్న షరతు ఓటుకు పూర్తిగా పోయింది 1973 రాజ్యాంగంతోనే. పరిచయపత్రాల్లోని మేయర్ల జాబితాలో అవే రెండు మూడు ఇంటిపేర్లు తిరిగి తిరిగి ఎందుకు వస్తాయో ఇక్కడ దొరుకుతుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మధ్య లుజాన్ రైతు తిరుగుబాట్లు చదువుతుంటే నాకొక విషయం పదేపదే తగిలింది. తిరగబడ్డ రైతులు గోదాము మీదికో జమీందారు మేడ మీదికో మాత్రమే కాదు, మునిసిపల్ కచేరీ మీదికి వెళ్తారు. 1931 జనవరి 10 రాత్రి పంగసినాన్ రాష్ట్రంలో తయూగ్ అనే ఊళ్ళో ఇదే జరిగింది. పేద్రో కలోసా అనే మనిషి హవాయి చెరకు తోటల్లో కూలి చేసి, అక్కడ జైలుకెళ్ళి, వెనక్కి పంపబడి వచ్చినవాడు. తాయెత్తులు కట్టుకున్న కొన్ని పదుల మంది కొలోరమ్ భక్తులతో అతను తయూగ్ మీద పడ్డాడు. కాన్‌స్టాబ్యులరీ బారకాసులు తగలబెట్టారు, కచేరీలో భూమి పత్రాలు పన్ను పత్రాలు తగలబెట్టారు. మర్నాటికి సైన్యం వచ్చి అణిచేసింది. మనీలా పత్రికలు దీన్ని మూఢభక్తుల పిచ్చిగా రాశాయి. తాయెత్తును చూసినవాళ్ళు కాలిన కాగితాన్ని చూడలేదు. ఏ కాగితం తగలబెట్టాలో ఎంచుకున్న మనిషిని పిచ్చివాడనడం కష్టం.

పక్క ఊరు బినలోనన్ నుంచి వెళ్ళిన కార్లోస్ బులోసాన్ అమెరికా తోటల్లో కూలి చేస్తూ రచయిత అయ్యాడు. ‘అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్’ 1946లో వచ్చింది. అందులో తండ్రి కాస్త కాస్తగా భూమిని పోగొట్టుకునే భాగాలూ, తయూగ్ తిరుగుబాటూ ఉన్నాయి. అదే రాష్ట్రంలో రొసాలెస్ ఊరివాడు ఎఫ్. సియోనిల్ హొసే. ఆయన తన ఊరి చుట్టూ అయిదు నవలలు రాశాడు. స్పానిష్ రోజుల్లో ఉత్తరాది ఇలోకోస్ నుంచి ఎడ్లబళ్ళ మీద వలస వచ్చి అడవి నరికి పొలం చేసుకున్న జనం, మూడు తరాల్లో ఆ పొలంలోనే కౌలుదార్లు కావడం ఆ అయిదింటి వెన్నెముక. ఆయన ముసలి కలోసాను కలిసి మాట్లాడాడు కూడా. 2022లో చనిపోయేముందు కొన్నేళ్ళు ఆయన చెప్పిన రాజకీయాలతో అక్కడి ప్రగతిశీల రచయితలకు గట్టి పేచీ ఉంది, ఆ పేచీ న్యాయమైనదే. అయినా రొసాలెస్ మునిసిపాలిటీ ఏమిటో తెలుసుకోవాలనుకునేవాడు తెరవాల్సింది ఆ నవలలనే.

1935 మే 2న సక్దాల్ తిరుగుబాటు. మనీలా చుట్టుపక్కల రాష్ట్రాల్లో వేలమంది రైతులు ఒక్క రాత్రిలో కదిలారు. కబుయావ్, సాంటా రోసా, సాన్ ఇల్దెఫోన్సో ఊళ్ళలో మునిసిపల్ భవనాలను పట్టుకున్నారు. మర్నాటికి అంతా అయిపోయింది, యాభై మందికి పైగా రైతులు చచ్చిపోయారు. దాని నాయకుడు బెనీగ్నో రామోస్ తగలోగ్ కవి. తిరుగుబాటు రోజున అతను జపాన్‌లో ఉన్నాడు. యుద్ధంలో జపాన్ సైన్యంతో చేతులు కలిపాడు. రైతు కోపాన్ని పద్యంలో పట్టుకోగలిగిన కవి దాన్ని ఎక్కడికి నడిపించాలో తెలియకపోతే ఏమవుతుందో రామోస్ కథ చెబుతుంది. మన కవుల సభల్లో ఈ మనిషి గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. మాట్లాడుకోవలసిన మనిషి.

ఇప్పుడు ఈ వ్యాసానికి గుండెకాయ అనుకునే సంగతికి వస్తున్నాను. తయూగ్ మంటలు చల్లారిన రెండేళ్ళకు, 1933లో, వరి పాలికాపుల చట్టమొకటి వచ్చింది. చదివితే మంచి చట్టమే. పంట చెరిసగం, అప్పు మీద వడ్డీ నూటికి పదికి మించకూడదు, ఒప్పందం రైతుకు తెలిసిన భాషలో రాయాలి. ఐతే చివర ఒక షరతు పెట్టారు. ఏ రాష్ట్రంలోనైనా సగానికి పైగా మునిసిపల్ కౌన్సిళ్ళు కావాలని తీర్మానం చేసి అడిగితేనే ఈ చట్టం అక్కడ అమల్లోకి వస్తుంది. కౌన్సిళ్ళలో కూర్చున్నది ఎవరు? భూస్వాములు, వాళ్ళ అల్లుళ్ళు, వాళ్ళ వకీళ్ళు. ఏ రాష్ట్రమూ ఆ షరతు దాటలేదు. చట్టం పుస్తకంలో చట్టంగానే ఉండిపోయింది. రైతు సంఘాలు వీధికెక్కాక, 1936లో సవరణ చేసి, 1937 జనవరిలో అధ్యక్షుడు కేసోన్ మధ్య లుజాన్ రాష్ట్రాలకు దాన్ని తనే ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికి భూస్వాములు మరో కిటికీ కనిపెట్టారు. ఒప్పందం గడువు ఒక సంవత్సరం. సంవత్సరం కాగానే సంఘంలో ఉన్నవాణ్ణి మళ్ళీ రానివ్వకపోతే సరి.

ఈ ఒక్క షరతు చదివితే మునిసిపాలిటీ అనే ఏర్పాటు ఎవరిదో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. స్థానిక స్వపరిపాలన అనే అందమైన మాటను పాలికాపు మెడకు తాడుగా పేనారు. కింది ప్రజల దగ్గరికి అధికారం అని ఎవరు అన్నా, కింద ఎవరున్నారని ముందు అడగాలి.

నుయేవా ఎసిహా రాష్ట్రంలో తలవేరా మునిసిపాలిటీ ఉంది. పట్టికలో చూస్తే 53 బరంగాయ్‌లు, వరి దేశం. దాని బరంగాయ్‌లలో సాన్ రికార్డో ఒకటి. అమెరికన్ పరిశోధకుడు బెనెడిక్ట్ కెర్క్‌వ్లియెట్ ఆ ఊరి ముసలి రైతులతో మాట్లాడి హుక్ తిరుగుబాటు మీద 1977లో పుస్తకం వేశాడు. అక్కడి భూస్వామి మాన్యుయెల్ టినియో. స్పెయిన్ మీద యుద్ధంలో అందరికంటే చిన్న వయసు జనరల్ అతనే. తర్వాత అమెరికా పాలనలో రాష్ట్ర గవర్నరయ్యాడు, 1913లో భూముల శాఖకు డైరెక్టరయ్యాడు. నిన్నటి విప్లవ సేనాని ఇవాళ పట్టాల అధికారి, రేపు హసియెండా యజమాని. ఈ ఒక్క మనిషి జీవితంలో ఆ జాతీయ విప్లవం ఎక్కడ ఆగిపోయిందో కనిపిస్తుంది.

సాన్ రికార్డో రైతులు ఆ ముసలి టినియో గురించి మంచిగానే చెప్పుకున్నారు. నాట్లకూ కోతలకూ మధ్య తిండిగింజలు అయిపోయినప్పుడు అతను వడ్డీ లేకుండా ధాన్యం ఇచ్చేవాడు. దాన్ని రాస్యోన్ అనేవాళ్ళు. 1924లో అతను పోయాక వచ్చిన కొడుకు వ్యాపారం తెలిసినవాడు. రాస్యోన్ ఆపాడు. కాగితం ఒప్పందాల మీద వేలిముద్రలు అడిగాడు. తిండికి రైతు అప్పులవాడి దగ్గరికి పోయాడు. అక్కడ తలిందువా అంటే రెండు బస్తాలకు మూడు, తకిపన్ అంటే ఒకటికి రెండు. మన తెలంగాణలో నాగు ధాన్యం తెచ్చుకుని కళ్లంలోనే మొత్తం కొలిచి ఇచ్చినవాళ్ళకు ఈ లెక్క విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ముసలివాళ్ళ ఈ జ్ఞాపకాన్ని ఎట్లా చదవాలి? మంచి దొర, చెడ్డ దొర అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వడ్డీలేని గింజలు ఇవ్వడం వెనక కసమా ఊరు విడిచి పోకూడదన్న అవసరం ఉంది. అప్పటికి మనుషులు తక్కువ, అడవి ఎక్కువ. జనం పెరిగి, భూమి నిండి, ధాన్యానికి బయట మార్కెట్టు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. దయ కూడా తీరిపోయింది. కెర్క్‌వ్లియెట్‌తో నాకున్న పేచీ ఇంకొకటి. తిరుగుబాటు రైతుల నుంచే వచ్చిందనీ, కమ్యూనిస్టు పార్టీ దాన్ని పుట్టించలేదు, అదుపూ చేయలేదనీ ఆయన గట్టిగా వాదిస్తాడు. మొదటి సగం నిజం. రెండో సగంలో, సంఘం కట్టడం అనే పని ఎంత రాజకీయమో ఆయన తక్కువ చేసి చూశాడు. అయినా ఏ ప్రభుత్వ పరిచయంలోనూ దొరకని తలవేరా ఆయన పుస్తకంలో దొరుకుతుంది, ఆ రుణం ఒప్పుకోవాలి.

పంపాంగా రాష్ట్రంలో మాత్రం రైతులు కచేరీలోకి ఓటుతోనే వెళ్ళి చూశారు. పేద్రో ఆబాద్ సాంతోస్ సోషలిస్టు పార్టీ యుద్ధానికి ముందు కొన్ని మునిసిపాలిటీల్లో మేయర్లను గెలిపించింది. అరయత్ మేయర్ కాస్తో అలెహాంద్రినో భూస్వామి ఇంట్లో పుట్టి రైతుల వైపు వచ్చినవాడు. 1942 మార్చి 29న నుయేవా ఎసిహాలోని కబియావ్ ప్రాంతంలో హుక్బలహాప్ సైన్యం పుట్టినప్పుడు, సాన్ లూయిస్ ఊరి రైతుబిడ్డ లూయిస్ తరూక్‌తో పాటు అతనూ దాని నాయకుల్లో ఒకడు. భూస్వాములు మనీలాకు పారిపోయిన ఆ మూడేళ్ళు పల్లెలను నడిపింది రైతులే. జపాన్ సైన్యానికి అందకుండా పంటను కాపాడి పంచుకున్నారు.

యుద్ధం అయ్యాక భూస్వామి అమెరికా సైన్యం వెనక తిరిగి వచ్చి బాకీ కౌలు అడిగాడు. 1946 ఎన్నికల్లో మధ్య లుజాన్ రైతులు గెలిపించిన డెమొక్రాటిక్ అలయన్స్ సభ్యులను, తరూక్‌తో సహా, కాంగ్రెసులో కూర్చోనివ్వలేదు. ఆ ఆగస్టులో రైతు నాయకుడు హువాన్ ఫెలేయోను దారి కాచి ఎత్తుకుపోయి చంపారు. ఇక తుపాకి మళ్ళీ బయటకొచ్చింది. ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇచ్చిన రోజు 1946 జూలై 4. సరిగ్గా ఆ రోజే కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య ఒరిగాడు. ఇది కేవలం తేదీల కలయికే. కానీ ఆ రెండు చోట్లా రైతు అడిగింది ఒకటే, వాళ్ళ మీదికి నడిచింది కూడా ఒక రకం సైన్యాలే.

అణచివేత సాగుతుండగానే ఒక విచిత్రమైన పని జరిగింది. యుద్ధంలో ఊళ్ళ రికార్డులు బూడిదయ్యాయి గనుక, అధ్యక్షుడు కిరినో 1951 చివర్లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దేశంలో ప్రతి మునిసిపాలిటీ, ప్రతి బారియో చరిత్ర బడిపంతుళ్ళు రాసి పంపాలి. 1952, 53లో వేల కాగితాలు పోగయ్యాయి. ఈ రోజుకీ ఊరి పరిచయాలకు మూలం చాలా చోట్ల అవే. ఇచ్చిన ప్రశ్నల పట్టిక గమనించదగ్గది. ఊరి పేరు, పాత పేర్లు, తొలి కుటుంబాలు, బారియో పెద్దల జాబితా, యుద్ధాల్లో జరిగిన నష్టం, పెళ్ళి ఆచారాలు, చావు ఆచారాలు, సామెతలు, పొడుపుకథలు, పాటలు. జానపద సాహిత్య విద్యార్థికి గని అది. భూమి ఎవరిది, వాటా ఎంత అన్న ప్రశ్నకు అందులో గడి లేదు. ఊరి చివర కాన్‌స్టాబ్యులరీ శిబిరం ఉన్న ఆ ఏళ్ళలో తలవేరాలోనో కబియావ్‌లోనో పంతులు సామెతలు ఏరుకుని రాస్తుంటే, ఆయన చుట్టూ ఉన్న అసలు చరిత్ర కాగితం అంచు దాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే కవి, కార్మిక నాయకుడు అమాదో హెర్నాందెస్ తిరుగుబాటు నేరం కింద జైల్లో ఉన్నాడు. మొసలి కన్నీరు అని అర్థమొచ్చే పేరుతో ఆయన తర్వాత రాసిన నవల ‘లుహా నంగ్ బువాయా’లో ఒక బారియో రైతులకూ ఒక భూస్వామి ఇంటికీ జరిగే తగాదాయే కథ. పంతుళ్ళ పట్టికలో లేని గడి అది.

సంస్కరణల చరిత్ర త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది సాగిన తీరు మనకు తెలిసిందే. 1955 చట్టం భూస్వామికి 300 హెక్టార్లు ఉంచుకోమంది. 1963 చట్టం 75 అంది. దాన్ని మునిసిపాలిటీల వారీగా ప్రకటిస్తూ పోయారు, బులకాన్‌లోని ప్లరిదెల్ తొలి ఊరు. ఊరూరా ప్రకటించుకుంటూ వస్తామంటే, పక్క ఊరి భూస్వామికి సర్దుకోవడానికి కావలసినంత టైమిచ్చినట్టే. ఇక 1972 అక్టోబర్ 21న, సైనిక శాసనం పెట్టిన నెలకు, మార్కోస్ 27వ డిక్రీ. వరి, మొక్కజొన్న కౌలుదార్లకు భూమి అన్నాడు. చెరకు, కొబ్బరి భూములు రావు. కూలివాళ్ళు రారు. ధర రెండున్నర ఏళ్ళ పంట విలువ, 15 ఏళ్ళ వాయిదాలు, నూటికి ఆరు వడ్డీ. భూస్వామికి ఏడు హెక్టార్లు మిగులు. వరి మడిని చెరకు తోట చేస్తే డిక్రీ అంటదు. ఎంతోమంది చేశారు.

సరిగ్గా ఇక్కడ ఫిలిప్పీన్స్ మునిసిపాలిటీ ఒకటి మన ఇళ్ళలోకి వచ్చింది, ఆ సంగతి మనం గుర్తుపెట్టుకోలేదు. లగూనాలోని లోస్ బాన్యోస్ మునిసిపాలిటీలో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పెట్టారు, డబ్బు ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లది. 1966లో అక్కడ విడుదలైన ఐ.ఆర్.8, మరుసటి ఏడాదికే పశ్చిమ గోదావరి ఆచంట పొలాల్లో పండింది. మన రైతులు ఐఆర్ ఎనిమిది అని ఇంటి మనిషిని పిలిచినట్టు పిలిచారు. ఆ వంగడం పుట్టిన నేల మీద తుపాకులు ఎందుకు పేలాయో మాత్రం విత్తనం సంచితో పాటు రాలేదు. విత్తనానికి దిగుబడి లెక్క ఉంటుంది, దున్నేవాడి వాటా లెక్క ఉండదు. అక్కడ మార్కోస్ 1973లో మసగానా 99 పథకం పెట్టాడు, హెక్టారుకు 99 కవాన్ల వడ్లు లక్ష్యం. కవాన్ అంటే వాళ్ళ బస్తా. బ్యాంకు అప్పు, ఎరువు, మందు, కొత్త విత్తనం. కొన్నేళ్ళు పంట పెరిగింది, ఆ తర్వాత అప్పు మిగిలింది. భూస్వామి కళ్లం నుంచి రైతు గ్రామీణ బ్యాంకు గుమ్మానికి మారాడు.

1985 సెప్టెంబర్ 20న నెగ్రోస్ దీవిలోని ఎస్కలాంటే ఊళ్ళో చెరకు కూలీలూ, జాలరులూ, విద్యార్థులూ సైనిక పాలన వార్షికోత్సవాన నిరసనకు చేరారు. చేరిన చోటు మళ్ళీ మునిసిపల్ భవనం ముందున్న చౌకే. మిలీషియా కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎస్కలాంటే తర్వాత నగరమైంది, కలంబా కూడా అయింది. మునిసిపాలిటీ నగరంగా ఎదిగిందని పరిచయపత్రాలు గర్వంగా రాస్తాయి.

1988 జూన్‌లో కొరజోన్ అకీనో సమగ్ర భూసంస్కరణ చట్టం చేసింది. భూస్వామికి అయిదు హెక్టార్లు, అతని ఒక్కో బిడ్డకు మూడు. అన్ని పంటల భూములూ వస్తాయన్న ఆ చట్టంలో, భూమికి బదులు కంపెనీ వాటాలు పంచవచ్చన్న ఒక సందు ఉంచారు. ఆమె కుటుంబానికి చెందిన తర్లాక్ రాష్ట్రపు లుయిసీతా హసియెండా ఆ సందులోంచే నడిచింది. 2004 నవంబర్ 16న అక్కడ సమ్మె మీద కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. భూమి పంచమని సుప్రీంకోర్టు చివరి మాట చెప్పింది 2012లో.

తండ్రి డిక్రీ కింద, ఆ తర్వాతి చట్టం కింద భూమి పొందినవాళ్ళు వాయిదాలు కట్టలేక మిగిలిపోయిన బాకీని 2023 జూలై 7న కొడుకు మార్కోస్ సంతకంతో రద్దు చేశారు. 6 లక్షల 10 వేల మంది, 11.7 లక్షల హెక్టార్లు, 5,700 కోట్ల పెసోలకు పైన. రైతులు దశాబ్దాలుగా అడుగుతూ వచ్చిన రద్దే అది. వేడుకలో కుటుంబ ఘనతగా చెప్పుకున్నారు. ఆ బాకీ యాభై ఏళ్ళు ఎందుకు తీరలేదన్నది ఎవరూ వివరించలేదు. 2019 ఫిబ్రవరిలో బియ్యం దిగుమతులకు తలుపులు బార్లా తీసిన చట్టం వచ్చాక వడ్ల ధర పడిపోయిన సంగతి కూడా ఆ వేడుకలో రాలేదు.

నుయేవా ఎసిహా పల్లెల్లో సాంగ్లా అనే మాట ఉంది. అంటే తాకట్టు. పట్టా రైతు పేరుతోనే ఉంటుంది, అమ్మడానికి చట్టం అడ్డొస్తుంది గనుక. కానీ పిల్ల చదువుకో, ఆస్పత్రికో, కొడుకు గల్ఫు ప్రయాణానికో డబ్బు తీసుకున్నందుకు, అది తిరిగి ఇచ్చేదాకా సాగు హక్కు డబ్బిచ్చినవాడిది. ఇచ్చినవాడు ధాన్యం వ్యాపారి కావచ్చు, విదేశంలో నర్సుగా పనిచేసే ఇంటివాళ్ళు కావచ్చు. కొన్నిచోట్ల ఆ రైతే తన మడిలో దిగి, పట్టుకున్నవాడికి కౌలుకో కూలికో చేస్తాడు. వ్యవసాయ కార్యాలయం జాబితాలో అతను భూ యజమాని. మునిసిపాలిటీ పరిచయపత్రంలో వరి హెక్టార్ల లెక్కలో అతని రెండు హెక్టార్లూ కలిసే ఉంటాయి.